తాతగారి ఊరు నుంచి సమ్మర్ క్యాంపు దాకా

ఏప్రిల్ 23తో బడి గంట ఆగిపోతుంది. మళ్ళీ మోగేది జూన్ 12న. మన రాష్ట్రంలో మామూలుగా ఇదే లెక్క. మధ్యలోని ఏడు వారాలూ పిల్లలతో ఏం చేయించాలన్నది ఇప్పుడు విజయనగరంలోనైనా, శ్రీకాకుళంలోనైనా ఇంటింటి టెన్షన్. ఫోన్ లాక్కుంటే గొడవ, చేతికిస్తే అంతకన్నా పెద్ద గొడవ. అందుకే గోడ మీద ‘సమ్మర్ క్యాంప్’ అని కనబడితే అమ్మానాన్నలు ఆగి చదువుతున్నారు. కింద ‘లైఫ్ స్కిల్స్’ అని కూడా ఉంటే ఇంకాస్త ఆశ పుడుతుంది. అసలు ఈ శిబిరాలు దేనికోసం పుట్టాయో తెలుసుకుంటే, పిల్లల్ని ఎక్కడ చేర్చాలో మనకే తెలిసొస్తుంది.

1861లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు, ఆయన భార్య అబిగేల్ తమ బడి పిల్లల్ని వెంటబెట్టుకుని దాదాపు 40 మైళ్ళ దూరంలోని సముద్రతీరానికి బయల్దేరారు. అప్పుడే అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. సైనికుల్లా ఆరుబయట పడుకోవాలని పిల్లలకు ఒకటే సరదా. రెండు వారాలు గుడారాల్లో ఉండి, చేపలు పట్టి, పడవలు నడిపి వెనక్కొచ్చారు. వేసవి శిబిరాల చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్ పెట్టిన శిబిరం. పిల్లలు ఇరవై మందికి అటూ ఇటూ. కొందరు పేరుమోసిన బడుల్లో చదివే కలవారి పిల్లలు, కొందరు కష్టజీవుల పిల్లలు. అందరినీ కలిపేసి నాలుగు దళాలు చేసి, ఒక్కో దళానికి వాళ్ళలోనే ఒకణ్ణి నాయకుణ్ణి చేశాడు. బయట పలకరించుకోవడానికి కూడా వీల్లేని పిల్లలు ఒకే మంట చుట్టూ కూర్చున్నారు. స్కౌటు ఉద్యమం అక్కడే మొలకెత్తింది. మన దగ్గర మాత్రం మొదట్లో భారతీయుల పిల్లలకు అందులో చోటు దొరకలేదు. 1916లో అనీబిసెంట్ మద్రాసు కేంద్రంగా విడిగా స్కౌటు సంఘం పెట్టాల్సి వచ్చింది. అప్పటికి మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. దేశంలోని స్కౌటు సంఘాలు కలిసి ‘భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్’ అయ్యింది 1950లో.

గుడారాలు లేకపోయినా మనకూ వేసవి బడి ఉండేది. నాకది నాగావళి ఒడ్డున తాతగారి ఊరు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగేశాక సంత రోజైతే అమ్మమ్మ చేతిలో పది రూపాయల కాగితం పెట్టి, ‘బేగి రా గుంటడా’ (త్వరగా రా అబ్బాయ్) అని ఒక్కణ్ణే పంపేది. వంకాయలు ఏరుకోవాలి, బేరమాడాలి, చిల్లర లెక్క చూసుకోవాలి. ఒకసారి రూపాయి తక్కువతో తిరిగొచ్చాను. అమ్మమ్మ తిట్టలేదు. వెంట కూడా రాలేదు. ‘ఎవరి దగ్గర తగ్గిందో గుర్తు తెచ్చుకుని వెళ్ళి అడుగు’ అంది. ఎండలో మళ్ళీ నడిచి, గొంతు పెగల్చుకుని అడిగాను. ఆ ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి ఇచ్చి, గుప్పెడు పచ్చిమిరపకాయలు కూడా సంచిలో వేసింది. పెద్దవాళ్ళతో మాట్లాడాలంటే నాకున్న బెరుకు చాలావరకు ఆ రోజే పోయింది.

మన వైపు ఇలాంటి బళ్ళు వేరేవీ ఉండేవి. విజయనగరం తాలింఖానాల్లో (వ్యాయామశాలల్లో) కసరత్తు చేసి ఎదిగిన వీరఘట్టం బిడ్డ, మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు, అదే పట్నంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. శ్రీకాకుళం ఇంకా గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1905లో, అదే జిల్లా బరంపురంలో పుట్టిన న్యాయపతి రాఘవరావు తెలుగు పిల్లలందరికీ ‘రేడియో అన్నయ్య’ అయ్యారు. పిల్లల కార్యక్రమాల్లో పిల్లలచేతనే పాడించారు, మాట్లాడించారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. బరువులెత్తే ఊరుగా పేరు తెచ్చుకున్న విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్ళి పతకం తెచ్చింది.

‘లైఫ్ స్కిల్స్’ అన్న మాట బడుల్లోకి గట్టిగా వచ్చింది 1990లలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది నైపుణ్యాలు చెప్పింది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం వాటిలో కొన్ని. నా రూపాయి కథలో వీటిలో రెండుమూడు దొరుకుతాయి.

మరి ఆ వేసవి ఏమైపోయింది? మన జిల్లాల్లో దానికి వలస పెద్ద కారణం. పని కోసం అమ్మానాన్నలు హైదరాబాద్, చెన్నై వెళ్ళిపోతే, ఎంతోమంది పిల్లలు ఏడాది పొడుగునా అమ్మమ్మ దగ్గరే ఉంటున్నారు. సెలవులివ్వగానే వాళ్ళు వెళ్ళేది అమ్మానాన్నలు పనిచేసే సైటు దగ్గరికి. ఇక పట్నంలోని పిల్లలకు సెలవులంటే ఫౌండేషన్ కోర్సు, ఎంట్రన్స్ కోచింగ్. మా మేనల్లుణ్ణి కిందటేడు డబ్బు కట్టి ఒక క్యాంపులో చేర్చారు. నాలుగు గోడల మధ్య చేతిరాత, అబాకస్. పక్కన కూర్చున్న అబ్బాయి పేరు కూడా వాడికి తెలియలేదు. అది ట్యూషన్ అవుతుందే తప్ప శిబిరం అనిపించుకోదు.

గ్రంథాలయాల్లో ఉచితంగా నడిచే వేసవి విజ్ఞాన శిబిరాలు, మైదానాల్లో క్రీడా శిక్షణ శిబిరాలు ఇప్పటికీ మనకున్నాయి. వాటికి రంగురంగుల ఫ్లెక్సీలు ఉండవు, అందుకే చాలామంది కంట పడవు. ఈ ఏడు ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. క్యారమ్ బోర్డు ఒక్కటే, పిల్లలు పదకొండు మంది. గొడవ ముదిరింది. గ్రంథపాలకురాలు కుర్చీలోంచి లేవలేదు, ‘మీరే తేల్చుకోండి’ అంది. రెండు జడల పాప ఒకత్తె నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, వరస ప్రకారం పేర్లు రాయడం మొదలుపెట్టింది. తన పేరు అన్నిటికన్నా కింద రాసుకుంది.