చాంబర్ ఆఫ్ కామర్స్: బయట అనుకునేవి, లోపల జరిగేవి

చాంబర్‌లో ప్రెసిడెంట్లు పదవీకాలం అయిపోగానే మారిపోతుంటారు. చాంబర్ సొంత ఆఫీసు, అంటే సెక్రటేరియట్‌లో పనిచేసే మాలాంటివాళ్లం మాత్రం అక్కడే ఉంటాం. వినతిపత్రాలు రాసేది, ఎగుమతి కాగితాలు చూసి ముద్ర వేసేది, ప్రభుత్వం నుంచి కొత్త నోటిఫికేషన్ వస్తే అందులో ఏముందో సభ్యులకు అర్థమయ్యేలా చెప్పేది మేమే. ఫోన్లోనూ, కౌంటర్ దగ్గరా మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: చాంబర్ అంటే ఒక ప్రభుత్వ ఆఫీసు

"ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ మీ దగ్గరేనా అండీ?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాదండీ. మన దేశంలో చాంబర్ అంటే వ్యాపారులు, పరిశ్రమల వాళ్లు తమంతట తాము కలిసి పెట్టుకున్న సంస్థ. సొసైటీగానో, లాభాపేక్ష లేని కంపెనీగానో రిజిస్టర్ అయి ఉంటుంది. చేరడం, చేరకపోవడం ఎవరిష్టం వాళ్లది. లైసెన్స్ ఇచ్చే అధికారం గానీ, ఆపే అధికారం గానీ దానికి లేవు. ఖర్చులకు డబ్బు ఎక్కువగా సభ్యుల చందాలు, సర్టిఫికెట్ల ఫీజులు, శిక్షణ తరగతులు, హాలు అద్దెల నుంచి వస్తుంది.

అయితే ఈ అనుమానం మరీ తప్పేమీ కాదు. అన్ని దేశాల్లో పద్ధతి ఒకటి కాదు. ఫ్రాన్స్‌లో చాంబర్లు చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ సంస్థలు. జర్మనీలో వ్యాపారం పెట్టినవాళ్లు స్థానిక చాంబర్‌లో సభ్యులు కావడం తప్పనిసరి. ఇదేం బలవంతమని కొందరు కోర్టుకెక్కితే, 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన చెల్లుతుందనే చెప్పింది. ఫ్యాక్టరీల్లో పని నేర్చుకునే కుర్రాళ్లకు పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చేది కూడా అక్కడి చాంబర్లే. బ్రిటన్, అమెరికా, భారత్‌లలో అంతా స్వచ్ఛందం. అందుకే ఒకే పేరున్నా ఒక దేశపు చాంబర్‌ను చూసి ఇంకో దేశపు చాంబర్‌ను అంచనా వేయకూడదు.

అపోహ: ఇది ఇంగ్లిష్ వాళ్లు మనకు ఇచ్చిపోయిన వ్యవహారం

మొదటి చాంబర్ ఇంగ్లండ్‌లో పుట్టలేదు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ రేవులో 1599లో ఏర్పడింది. మధ్యధరా సముద్రంలో ఓడలను దొంగలు కొల్లగొడుతుంటే, ఏ ఒక్క వర్తకుడూ తన సొంత ఖర్చుతో కాపలా పెట్టుకోలేడు. అందరూ కలిస్తే పెట్టుకోగలరు. ఆ అవసరంలోంచే చాంబర్ వచ్చింది. ఫ్రెంచి విప్లవం వచ్చాక 1791లో చాంబర్లన్నిటినీ రద్దు చేశారు. 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. న్యూయార్క్‌లో 1768లో, గ్లాస్గోలో 1783లో మొదలయ్యాయి. గ్లాస్గో సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఆ ఊరి వర్తకులు అమెరికా పొగాకు మీద బతికినవాళ్లు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. సరిగ్గా ఆ సమయంలోనే కూడి చాంబర్ పెట్టుకున్నారు. వ్యాపారం బాగా సాగుతున్నప్పుడు చాంబర్ ఎవరికీ గుర్తురాదు. ఇప్పటికీ అంతే, పన్నుల విధానం మారిన ఏడాది మా సభ్యత్వ దరఖాస్తులు పెరుగుతాయి.

మన దగ్గర బొంబాయి, మద్రాసు చాంబర్లు రెండూ 1836లో ఏర్పడ్డాయి. వాటిలో పెత్తనం బ్రిటిష్ వ్యాపార సంస్థలదే. ఆ పెత్తనం ఉత్తుత్తిది కూడా కాదు. 1909లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన సంస్కరణల తర్వాత బెంగాల్, బొంబాయి చాంబర్లు ఇంపీరియల్ శాసనమండలికి చెరొక సభ్యుణ్ణి ఎన్నుకుని పంపేవి. అంటే ఒక వర్తక సంఘానికి చట్టం చేసే చోట కుర్చీ ఉండేది. ఇలాంటి పెత్తనం చూస్తూ భారతీయ వర్తకులు ఊరుకుంటారా? కలకత్తాలో 1887లోనే బెంగాల్ నేషనల్ చాంబర్ పెట్టుకున్నారు. బొంబాయిలో 1907లో ఇండియన్ మర్చంట్స్ చాంబర్ వచ్చింది. మద్రాసులో 1909లో దక్షిణ భారత చాంబర్ ఏర్పడింది, దాని వ్యవస్థాపకుల్లో పిట్టి త్యాగరాయ చెట్టి ఒకరు. నిజాం పాలనలోని హైదరాబాద్‌లో 1917లో ఒక చాంబర్ మొదలైంది. గాంధీజీ సలహాతో ఘనశ్యామ్ దాస్ బిర్లా, పురుషోత్తమ్ దాస్ ఠాకుర్ దాస్ పూనుకోగా 1927లో దేశంలోని చాంబర్ల సమాఖ్య ఫిక్కీ ఏర్పడింది. చాలావరకు ఇంగ్లిష్ వాళ్ల చాంబర్లకు పోటీగా వచ్చినవే ఇవి.

ఇక్కడ ఇంకో వాదన వినిపిస్తుంది. మనకు వెయ్యేళ్ల కిందటే చాంబర్లు ఉన్నాయని, కర్ణాటకలోని ఐహొళె వర్తక శ్రేణి (పాతకాలపు వర్తకుల సంఘం) అయినూర్వరు అదే కదా అని అంటారు. ఆ శ్రేణి గొప్పదే, సుమత్రా దీవిలో 1088 నాటి తమిళ శాసనంలోనూ దాని పేరు కనిపిస్తుంది. కానీ శ్రేణి వేరు, చాంబర్ వేరు. శ్రేణిలో ఉన్నవాడు దాని కట్టుబాట్లకు లోబడి వ్యాపారం చేయాలి. ఎవరి వ్యాపారాన్నీ కట్టడి చేసే అధికారం చాంబర్‌కు లేదు. బియ్యం మిల్లు, మందుల కంపెనీ, సాఫ్ట్‌వేర్ ఆఫీసు పక్కపక్కన కూర్చుంటాయి.

అపోహ: ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చి పెద్దవాళ్ల పనులు చేయించుకోవడానికే చాంబర్

పెద్ద కంపెనీకి నిజంగా పని కావాలంటే చాంబర్ అవసరమే లేదు. ఢిల్లీలో దానికి సొంత మనుషులుంటారు. చాంబర్ ద్వారా వెళ్లడం వాళ్లకు ఒకరకంగా ఇబ్బంది కూడా. ఎందుకో చెప్తాను.

నూలు దిగుమతి మీద సుంకం సంగతే తీసుకుందాం. నూలు తీసే మిల్లులు సుంకం పెంచమంటాయి, బయటి సరుకు చవగ్గా వచ్చి తమను ముంచుతోందని. అదే నూలు కొని బట్ట నేసేవాళ్లు తగ్గించమంటారు. ఇద్దరూ మా సభ్యులే, ఇద్దరూ చందా కట్టినవాళ్లే. మిల్లుల సంఘమైతే ఒక పక్షాన నిలబడి ఘాటుగా రాసేస్తుంది. చాంబర్ అలా రాయడం కుదరదు. ఇద్దరినీ సబ్ కమిటీలో కూర్చోబెడతాం. గొంతులు లేస్తాయి, టీ చల్లారిపోతుంది. రేటు దగ్గర ఒప్పందం కుదరదు. చివరికి ఇద్దరూ సరేననేవి మూడో నాలుగో మిగులుతాయి: రేటు మార్చే ముందు గడువు ఇవ్వండి, ఓడలో దారిలో ఉన్న సరుకుకు పాత రేటే ఉంచండి, ఏ రకం నూలు ఏ కస్టమ్స్ కోడ్ కింద వస్తుందో తేల్చి చెప్పండి. ఉత్తరం వీటి మీదే వెళ్తుంది. పేపర్లో ఆ వార్త చదివినవాళ్లకు చాలా చప్పగా ఉంటుంది. ఆ ఉత్తరం చదివే అధికారికి మాత్రం ఒక సంగతి తెలుసు, దీన్ని ఒప్పుకుంటే రేపు రెండో పక్షం వచ్చి గొడవ చేయదని. మాకున్న బలం అదొక్కటే.

ఒకరి ఫైలు ఒక ఆఫీసర్ దగ్గర ఆగిపోయిందని వస్తే మేం మొదట అడిగేది: ఇది మీ ఒక్కరి కేసా, ఇంకా నలుగురికి ఉందా? ఒక్కరిదే అయితే ఎవర్ని కలవాలో, అప్పీలు ఎక్కడ వేయాలో చెప్పి పంపుతాం. చాంబర్ పేరుతో ఉత్తరం రాయం. దీనికి కోపం తెచ్చుకుని సభ్యత్వం మానేసినవాళ్లు కూడా ఉన్నారు.

అపోహ: మీటింగులు, శాలువాలు, భోజనాలు తప్ప ఇంకేమీ జరగదు

శాలువాలు ఎక్కువే, ఒప్పుకుంటాను. ఒక్కో సభలో వేదిక మీద ఉన్నవాళ్లు కింద ఉన్నవాళ్లకు సమానంగా ఉంటారు.

కానీ ఎగుమతి చేసే ప్రతి ఒక్కరూ రోజూ వాడే ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ అనే మాటలకు (ధరలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉన్నాయా లేదా చెప్పేవి) నియమాలు ఎవరు రాశారు? ఏ పార్లమెంటూ రాయలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో వర్తక ప్రతినిధులు సమావేశమయ్యారు. దాని ఫలితంగా ప్యారిస్ కేంద్రంగా అంతర్జాతీయ చాంబర్ ఏర్పడింది. సరుకు ఎక్కడ చేతులు మారుతుంది, రవాణా ఖర్చు ఎవరిది, దారిలో పాడైతే నష్టం ఎవరిది అన్న నియమాలను ఇన్‌కోటెర్మ్స్ పేరుతో ఆ సంస్థ 1936లో తెచ్చింది. ఇప్పుడు నడుస్తున్న 2020 కూర్పులో 11 పదాలున్నాయి. బ్యాంకులు, కొనేవాడి తరఫున డబ్బు చెల్లిస్తామని తామిచ్చే హామీకి, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు పాటించే యూసీపీ 600 నియమాలూ వాళ్లవే, 2007 నుంచి అమల్లో ఉన్నాయి. ఎవరి మీదా వీటిని రుద్దరు. కాంట్రాక్టులో ఆ పేరు రాసుకుంటే ఇద్దరికీ వర్తిస్తాయి, అంతే.

అపోహ: సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అంటే డబ్బు తీసుకుని వేసే ముద్ర

ఇది ఎక్కువమంది తేలిగ్గా తీసుకుని దెబ్బతినే విషయం. సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితం ఇది. నాణ్యత గురించి ఇందులో ఏమీ ఉండదు. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, తయారీదారు ఇచ్చిన డిక్లరేషన్ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూస్తాం. కొనుగోలుదారు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో పోల్చిన బ్యాంకు డబ్బు ఆపేయొచ్చు. మేం నస పెడుతున్నామని విసుక్కునేవాళ్లకు ఇదే చెప్తుంటాను.

ఇంకో గందరగోళం ఉంది. ఈ సర్టిఫికెట్లు రెండు రకాలు. చాంబర్లు ఎక్కువగా ఇచ్చేది సాధారణ రకం, దానివల్ల అవతలి దేశంలో సుంకం తగ్గదు. వాణిజ్య ఒప్పందం కింద రాయితీ కావాలంటే వేరే సర్టిఫికెట్ ఉంటుంది, ఒప్పందాన్ని బట్టి అధికారం ఉన్న ఏజెన్సీలే దాన్ని ఇస్తాయి. సరుకు ఓడ ఎక్కాక కొనుగోలుదారు ఫోన్ చేసి అడిగితే గానీ ఈ తేడా తెలియనివాళ్లు ఎంతోమంది.

అపోహ: చాంబర్‌లో అందరూ కలిసి ధర పెట్టుకోవచ్చు

పొరపాటున కూడా వద్దు. 2002 నాటి పోటీ చట్టం సంఘాలకూ వర్తిస్తుంది. ధరలో, సరఫరాలో కుమ్మక్కైతే సంఘంతో పాటు ఆఫీస్ బేరర్లకు కూడా జరిమానా పడొచ్చు. మీటింగులో ఎవరైనా "రేటు ఇంతకంటే తగ్గొద్దు" అనడం మొదలుపెడితే మేం ఆ చర్చను అక్కడే ఆపించేది అందుకే.

అపోహ: రావాల్సిన బాకీ చాంబర్ వసూలు చేసిపెడుతుంది

వసూలు చేసే అధికారం మాకు లేదు. అవతలి పార్టీ కూడా సభ్యుడైతే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తాం, కొన్నిసార్లు తెగుతుంది. చాలా చాంబర్లలో ఆర్బిట్రేషన్, అంటే కోర్టుకెళ్లకుండా మధ్యవర్తి చేత తీర్పు చెప్పించుకునే ఏర్పాటు ఉంటుంది. ఆర్బిట్రేటర్ ఇచ్చిన తీర్పును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. కానీ దానికి ఇద్దరి లిఖితపూర్వక ఒప్పందం ఉండాలి. తగాదా వచ్చాక బాకీ ఉన్నవాడు అలాంటి కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టడు. ఆర్డర్ తీసుకునేటప్పుడే, ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడే, వివాదం వస్తే ఫలానా చాంబర్ నియమాల ప్రకారం ఆర్బిట్రేషన్ జరుగుతుందని, ఏ ఊళ్లో జరుగుతుందో కూడా కాంట్రాక్టులో రాయించుకోండి. నమూనా వాక్యం మీ చాంబర్‌ను అడిగితే ఇస్తారు.