తలుపు ఉబ్బితే తుపాకీకేమైంది?

చిన్నీకి, చిన్నీ చేతిలోంచి ఈ ఉత్తరం లాక్కుని చదివే మిగతా పిల్లలకు,

మొన్న ఆదివారం ఫోన్‌లో నువ్వు ఏడుపొక్కటే తక్కువ. "తాతయ్యా, నిన్నటిదాకా గుళ్లన్నీ టార్గెట్ మధ్యలోనే పడ్డాయి. ఇవాళ అదే రైఫిలు, అదే చెయ్యి. ఒకటి ఎడమకు, ఒకటి పైకి. ఎందుకిలా?" అన్నావు. అప్పుడు నేను మా బాత్రూం తలుపుతో కుస్తీ పడుతున్నాను. హైదరాబాద్ వానలకు అది ఉబ్బిపోయింది. భుజం పెట్టి నెడితే పడింది, ఆ తర్వాత తెరుచుకోలేదు. మీ అమ్మమ్మ బయట నిలబడి నవ్వుతూనే ఉంది.

లోపల ఇరుక్కుని ఆలోచిస్తే, నీ జవాబు ఈ తలుపులోనే ఉందనిపించింది.

తలుపు సరిగా పడకపోతే ముందు బందులు చూస్తాం. ఒక్క స్క్రూ వదులైనా రెక్క వాలుతుంది. రైఫిల్లో గురి చూసే సైట్‌ను పట్టి ఉంచే స్క్రూలు, గొట్టాన్ని చెక్కకు బిగించే స్క్రూలు అలాంటివే. పేల్చిన ప్రతిసారీ అదిరి అదిరి మెల్లగా వదులవుతాయి. గడపలో మట్టి చేరినట్టే గొట్టంలో సీసం, మసి పేరుకుంటాయి. గడప అంచు పెచ్చు ఊడితే? అది గొట్టం మూతి. తూటా చివరిసారి తుపాకీని తాకేది అక్కడే, చిన్న గాటు పడినా దారి తప్పుతుంది. ఇక గొళ్లేన్ని దేనితో పోల్చాలో ఎంత ఆలోచించినా తట్టలేదు, వదిలేయ్.

నా చిన్నప్పుడు, 1960లలో, మా మామయ్యకు లైసెన్సున్న రైఫిలు ఉండేది. పొలాల మీద పడే అడవిపందుల కోసం. (1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ శికారు ముచ్చట ముగిసింది. మంచిదే అయింది.) ఎండాకాలమంతా చెప్పిన చోట తగిలిన తుపాకీ, శ్రావణంలో మొండికేసింది. మామయ్య సైట్ తిప్పాడు, తూటాలు మార్చాడు, చివరికి నన్ను తిట్టాడు. నేను దాన్ని ముట్టుకుంటే ఒట్టు!

పాతబస్తీలో బందూకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూశాడు. తర్వాత జేబులోంచి రూపాయి నోటు తీసి, గొట్టానికీ చెక్కకూ మధ్య దూర్చి మెల్లగా వెనక్కి లాగాడు. సగం దూరం హాయిగా జారిన నోటు ఒకచోట టక్కున ఆగింది. "ఇదిగో, దొంగ ఇక్కడున్నాడు" అన్నాడు. చెక్క చెమ్మ పీల్చి ఉబ్బి, గొట్టాన్ని ఒక పక్క నుంచి నొక్కుతోంది. పేలిన క్షణంలో గొట్టం గంటలా కంపిస్తుంది. ప్రతిసారీ ఒకేలా కంపిస్తేనే తూటాలు ఒకేచోటికి పోతాయి. మోగే గంట మీద వేలు పెట్టి చూడు, తెలుస్తుంది. ఆయన గరుకు కాగితంతో ఆ చోటు రుద్ది, నోటు సాఫీగా జారేదాకా మళ్లీ మళ్లీ లాగి చూశాడు. తర్వాత లోపలి చెక్కకు అవిసె నూనె పట్టించాడు.

నీది గాలి ఒత్తిడితో పేలే ఎయిర్ రైఫిలు, అందులో చెక్క కంటే అల్యూమినియమే ఎక్కువ, కాబట్టి నెపం వాన మీద వేయకు. రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా పడి, గుంపంతా పక్కకు జరిగితే సైట్ కదిలిందని అనుమానించు. చెల్లాచెదురుగా పడితే ఏదో వదులైంది, లేదా పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్ల) డబ్బా మారింది. అన్నీ కిందికి దిగుతుంటే సిలిండర్లో గాలి ఎంతుందో చూడు. ఏం చూసినా తుపాకీ ఖాళీ చేసి, కోచ్ ముందే. ఒకసారికి ఒక్కటే మార్చు. మా మామయ్యలా అన్నీ కలిపి తిప్పితే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. మీ పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే కదా, అక్కడ కంగారుకు చోటెక్కడిది? మన ఊళ్లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది అంత చుక్కను చూసే.

ఎప్పుడో కొట్టేసిన చెట్టు, రంగులేసి మేకులు కొట్టాక కూడా, వాన వస్తే ఉబ్బుతుంది. అదీ అడ్డంగానే, పొడవు దాదాపు పెరగదు. ఇన్నేళ్లొచ్చినా నాకు అది వింతే.

పది రూపాయల నోటు ఒకటి పంపుతున్నాను. ఐస్‌క్రీమ్ కొనేయకు. మీ ఇంట్లో గట్టిగా పడే తలుపు వేసి, నోటును సందులో దూర్చి చుట్టూ లాగు. ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు. ఏప్రిల్‌లో నేనొచ్చినప్పుడు అదే నోటుతో మళ్లీ చూద్దాం.

మీ తాతయ్య