పాత కేంబ్రిడ్జ్ చదువులు, ఆటలు: అపోహలు - వాస్తవాలు

విద్యాచరిత్ర చెప్పేవాళ్లకు ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల నుంచి తరచూ ఎదురయ్యే మాట ఇది: "ఆ రోజుల్లో కేంబ్రిడ్జ్ వాళ్లు పుస్తకం వదిలేవాళ్లా అండీ? ఆటలంటూ తిరిగితే రాంగ్లర్లు అయ్యేవాళ్లా?" (రాంగ్లర్లంటే అక్కడి గణిత పరీక్షలో పైన నిలిచినవాళ్లు.) ఈ నమ్మకంతోనే పదహారేళ్ల పిల్లల్ని మైదానం వైపు పోనివ్వడం లేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ర్యాంకు కావాలంటే ఆట మానాలి.

వాస్తవం: ఆ పరీక్ష నిజంగానే భయంకరమైనది. 1854 గణిత ట్రైపాస్‌లో, అంటే కేంబ్రిడ్జ్ ఆనర్స్ డిగ్రీ పరీక్షలో, 16 పేపర్లు, 211 ప్రశ్నలు. 8 రోజుల్లో మొత్తం 44.5 గంటలు రాయాలి. అదీ జనవరి చలిలో. దానికి తయారయ్యేవాళ్లలో చాలామందికి పొద్దుట ప్రైవేటుగా లెక్కలు చెప్పే కోచ్ దగ్గర పాఠం, తర్వాత సొంత చదువు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడవో, క్రికెట్టో, మైళ్లకొద్దీ నడకో. సాయంత్రం మళ్లీ లెక్కలు. ఒళ్లు నిలబడకపోతే ఎనిమిది రోజులు పెన్ను పట్టలేమని వాళ్లకు తెలుసు. వారం వారం పరీక్ష పెట్టి మార్కులు ప్రకటించిన ప్రసిద్ధ కోచ్ ఎడ్వర్డ్ రౌత్ కూడా రోజూ మధ్యాహ్నం నడకకు వెళ్లేవాడు.

తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ కేంబ్రిడ్జ్‌లో చదివేటప్పుడు స్నేహితుడితో కలిసి 7 పౌండ్లకు పడవ కొన్నాడు. గ్లాస్గోలో లెక్కల ప్రొఫెసరైన తండ్రికి ఆ కబురు తెలిసి కంగారు పుట్టింది. ఆ కంగారు ఇవాళ్టి తండ్రులకూ సహజమే, తప్పుపట్టలేం. కానీ ఆ కొడుకు 1843లో ఒంటరి పడవ పందెం గెలిచాడు, 1845లో రెండో రాంగ్లరయ్యాడు. రచయిత లెస్లీ స్టీఫెన్ 1854లో ఇరవయ్యో రాంగ్లర్, తర్వాత తన కాలేజీ పడవ జట్టుకు శిక్షకుడు. అదే 1854లో రెండో స్థానం తెచ్చుకున్న భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ కొన్నాళ్లు రాత్రి రెండింటికి హాస్టల్ వరండాల్లో, మెట్ల మీద పరుగులు తీశాడు. నిద్ర చెడిన తోటివాళ్లు బూట్లు విసిరారు. ఆ వేళ మాత్రం ఎవరూ అనుసరించకండి.

అపోహ: రాంగ్లర్ అంటే యూనివర్సిటీ ఫస్టు.

వాస్తవం: గణిత ట్రైపాస్‌లో మొదటి తరగతి వచ్చిన ప్రతివాడూ రాంగ్లరే. అందరికన్నా పైవాడు సీనియర్ రాంగ్లర్. 1874లో ఆనందమోహన్ బోస్ తొలి భారతీయ రాంగ్లర్, 1899లో ఆర్.పి. పరాంజపే సీనియర్ రాంగ్లర్ స్థానాన్ని మరొకరితో పంచుకున్నాడు. వరస ర్యాంకుల ప్రకటన 1909తో ఆగింది.

అపోహ: ఆడపిల్లలు ఆ పరీక్ష జోలికే పోలేదు.

వాస్తవం: 1890లో ఫిలిప్పా ఫాసెట్ సీనియర్ రాంగ్లర్ కన్నా పైన నిలిచింది. ఆడవాళ్లకు డిగ్రీలు మాత్రం 1948లో గానీ ఇవ్వలేదు. ఇది అన్యాయం, వేరే మాట లేదు.

అపోహ: కాలేజీల పడవ పందెమంటే పక్కపక్కనే దూసుకెళ్లడం.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్‌తో పందెం అలాంటిదే. కేంబ్రిడ్జ్ కాలేజీల మధ్య జరిగేది వేరు, ఆ ఊరి కామ్ నది అంత ఇరుకు. పడవలు ఒకదాని వెనక ఒకటి, మధ్య పడవన్నర పొడవు ఎడంతో నిలబడతాయి. పడవకు ఎనిమిది మంది తెడ్డు వేసేవాళ్లు, చుక్కాని పట్టేవాడొకడు. నాలుగు నిమిషాల ముందొకటి, నిమిషం ముందొకటి, బయలుదేరడానికొకటి, మూడుసార్లు ఫిరంగి పేలుతుంది. ముందు పడవను తాకితే రెండూ ఒడ్డుకు తప్పుకుంటాయి, మర్నాడు స్థానాలు మార్చుకుంటాయి. ఇప్పుడు నాలుగు రోజులు ఆడతారు. రోజూ తాకిన జట్టు మామూలుగా నాలుగు స్థానాలే ఎక్కుతుంది, అట్టడుగున ఉన్న కాలేజీ వరసలో మొదటి స్థానానికి చేరాలంటే ఏళ్లు పడుతుంది.