రంగు అడ్డొచ్చిన చోట లెక్కలు చెప్పిన జనరల్

టస్కీగీ పైలట్ల పేరు 2025లో అమెరికా రాజకీయాల్లో మళ్లీ నలిగింది. ఆ జనవరిలో వైవిధ్య కార్యక్రమాలను ఆపేయాలని ట్రంప్ ప్రభుత్వం ఆదేశించగానే, శాన్ ఆంటోనియోలో కొత్త వాయుసైనికులకు చెప్పే ఒక పాఠాన్ని నిలిపేశారు. అలబామాలోని టస్కీగీలో శిక్షణ పొంది రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన, అమెరికా తొలి నల్లజాతి సైనిక పైలట్ల వీడియోలు అందులోనివే. సవరించడానికే ఆపామని, చరిత్రను చెరిపేయలేదని వాయుసేన వివరణ ఇచ్చింది. అధికార పక్షానికే చెందిన అలబామా సెనేటర్ కేటీ బ్రిట్ అభ్యంతరం చెప్పడం, రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ కలగజేసుకోవడం, వీడియోలు తిరిగి రావడం కొద్ది రోజుల్లోనే జరిగిపోయాయి. ఫిబ్రవరిలో, ఫైటర్ పైలట్‌గా ఎదిగిన నల్లజాతి జనరల్ సి.క్యూ. బ్రౌన్‌ను సైనిక దళాల అధిపతుల కమిటీ చైర్మన్ పదవి నుంచి తప్పించారు. ఆయనకు ఆ పదవి రంగు వల్ల వచ్చిందా, ప్రతిభ వల్ల వచ్చిందా అన్న అనుమానాన్ని హెగ్సెత్ మంత్రి కాకముందే అచ్చులో పెట్టారు.

ఈ అనుమానానికి ఎనభై ఏళ్లు దాటాయి. 1943లో దీన్ని అధికారికంగా కాగితం మీద పెట్టారు. దానికి జవాబు చెప్పినవాడు నల్లజాతి సైనికాధికారి బెంజమిన్ ఒ. డేవిస్ జూనియర్.

డేవిస్ తొలినాళ్ల సంగతి చాలామందికి తెలుసు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్‌పాయింట్‌లో నాలుగేళ్లపాటు తోటివారి వెలి, ఒంటరి గది, ఒంటరి భోజనం. అయినా 1936లో 276 మందిలో 35వ స్థానం. 1942 మార్చిలో టస్కీగీలో పైలట్ పట్టా అందుకున్న మొదటి ఐదుగురిలో ఒకరు. అక్కడ ఆగను. ఆయన జీవితాన్నీ, ఈ వివాదాన్నీ అర్థం చేసుకోవాలంటే 1943 సెప్టెంబరు దగ్గరికి వెళ్లాలి.

డేవిస్ నాయకత్వంలోని 99వ ఫైటర్ స్క్వాడ్రన్ ఆ వేసవిలో చాలాకాలం మధ్యధరా ప్రాంతంలో 33వ ఫైటర్ గ్రూప్‌కు అనుబంధంగా పి-40 విమానాలతో పోరాడింది. నల్లజాతి పైలట్లతోనే ఏర్పడిన 332వ ఫైటర్ గ్రూప్ పగ్గాలు చేపట్టడానికి ఆయన స్వదేశం చేరిన సమయంలోనే, 33వ గ్రూప్ కమాండర్ కర్నల్ విలియం మొమయర్ ఒక నివేదిక పంపారు. ఈ పైలట్లకు తెగింపు లేదు, ఓపిక లేదు, శత్రువు మీదపడగానే చెల్లాచెదురవుతారు, నా గ్రూప్‌లో మరే స్క్వాడ్రన్‌కూ సాటిరారు అన్నది దాని సారాంశం. మొమయర్ స్వయంగా ఎనిమిది శత్రు విమానాలను కూల్చిన సమర్థుడు. అందుకే ఆయన మాట అంత హాని చేయగలిగింది. పైఅధికారి మేజర్ జనరల్ ఎడ్విన్ హౌస్ మరో మెట్టెక్కారు. మేటి ఫైటర్ పైలట్‌కు ఉండాల్సిన చురుకుదనం నల్లజాతివారి శరీరానికి లేదన్నది అధికారుల ఏకాభిప్రాయమని రాసి, వారిని తీరప్రాంత గస్తీకి మళ్లించమన్నారు. కాగితం వాయుసేనాధిపతి ఆర్నాల్డ్ దాకా వెళ్లేసరికి 332వ గ్రూప్‌ను యుద్ధరంగానికి దూరంగా ఉంచాలని, నల్లజాతి బాంబర్ దళం ఆలోచనే మానుకోవాలని ప్రతిపాదన తయారైంది.

అక్టోబరు 16న వాషింగ్టన్‌లో, జాన్ మెక్‌క్లాయ్ అధ్యక్షతన ఉన్న యుద్ధ శాఖ కమిటీ ముందుకు లెఫ్టినెంట్ కర్నల్ డేవిస్ వచ్చారు. వయసు ముప్పై. తొలి దాడుల్లో తడబడిన మాట నిజమేనని ముందే ఒప్పుకున్నారు. స్క్వాడ్రన్ మొత్తంలో అంతకుముందు యుద్ధం చూసిన పైలట్ ఒక్కడూ లేడు, తనతో సహా. ఓపిక లేదన్న ఆరోపణకు అంకెలతో బదులిచ్చారు. మామూలు స్క్వాడ్రన్‌లో 30 నుంచి 35 మంది పైలట్లుంటే తన దగ్గర ఉన్నది 26 మంది. రెండు నెలలపాటు అదనంగా ఒక్కరినీ పంపలేదు. కొన్ని రోజుల్లో ఆ కొద్దిమందే ఆరేసి సార్లు గాలిలోకి లేచారు.

కూల్చిన విమానాలు తక్కువన్న వాదన నాకు మరీ అన్యాయంగా తోస్తుంది. వారికి అప్పగించిన పని చాలావరకు నేల మీది లక్ష్యాలపై బాంబులు వేయడం. ఎదురుపడని శత్రువును కూల్చేదెలా?

సైన్యాధిపతి జనరల్ మార్షల్ అధ్యయనానికి ఆదేశించారు. అదే రంగంలోని ఇతర పి-40 స్క్వాడ్రన్లతో 99వ స్క్వాడ్రన్‌ను పోల్చి, చెప్పుకోదగ్గ తేడా లేదని సైనిక కార్యాలయమే తేల్చింది. ఆ ఫలితం వెలువడకముందే, 1944 జనవరి 27, 28 తేదీల్లో, ఇటలీలోని ఆంజియో గగనతలంలో వారు డజను జర్మన్ విమానాలను కూల్చారు.

ఆ తర్వాత ఆయన ప్రయాణం వేగంగా సాగింది. తోకకు ఎర్రరంగు పూసిన విమానాలతో 332వ గ్రూప్ బాంబర్లకు కాపలాగా ఎగిరింది. 1944 జూన్ 9న మ్యూనిక్ దాడికి తోడు నడిపినందుకు డేవిస్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్, మరుసటి ఏడాది సిల్వర్ స్టార్ దక్కాయి. 1948లో సైన్యంలో అన్ని జాతులవారినీ సమానంగా చూడాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు వచ్చాక, వాయుసేనలో జాతి వేర్పాటును ఎత్తేసే ప్రణాళికకు తోడ్పడ్డారు. 1954లో అమెరికా వాయుసేనలో తొలి నల్లజాతి జనరల్ అయ్యారు.

అభిమానులు కూడా ఒక తప్పు చేశారు. ఈ పైలట్ల కాపలాలో ఒక్క బాంబరూ కూలలేదని దశాబ్దాలు చెప్పుకున్నారు. వాయుసేన చరిత్రకారుడు డేనియల్ హాల్మన్ రికార్డులు తిరగేసి కనీసం 27 కూలాయని నిర్ధారించారు. అదే రంగంలో ఇతర కాపలా గ్రూపుల సగటు 46 అని కూడా ఆయనే లెక్కతేల్చారు. ఆ తేడా చాలదా? కల్పన చేర్చినప్పుడల్లా ప్రత్యర్థికి నిజాన్ని శంకించే వీలు చిక్కుతుంది.

నివేదిక రాసిన మనిషీ, దానికి జవాబిచ్చిన మనిషీ వియత్నాం యుద్ధకాలంలో మళ్లీ ఒకే రంగంలో పనిచేశారు. సైగాన్‌లో 7వ వాయుసేన మొమయర్ చేతిలో, ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ స్థావరంలో 13వ వాయుసేన డేవిస్ చేతిలో ఉండేవి. మొమయర్‌కు నాలుగో నక్షత్రం, అంటే పూర్తి జనరల్ హోదా, ఆ యుద్ధం నడుస్తుండగానే వచ్చింది. డేవిస్ మూడు నక్షత్రాలతోనే 1970లో రిటైరయ్యారు. ఆయనకు నాలుగోది 1998 డిసెంబరు 9న, క్లింటన్ హయాంలో అందింది. అప్పటికి ఆయన వయసు 85.