టీవీ కొనేటప్పుడు వెంటాడే అపోహలు – వాస్తవాలు

టీవీలు బిగించడం, బొమ్మను సరిచేసి ఇవ్వడం, పాడైతే విప్పి బాగుచేయడం నా వృత్తి. కొనే ముందు చాలామంది నన్ను అడిగేది ఒకటే: చవక టీవీకీ ఖరీదైన టీవీకీ నిజంగా అంత తేడా ఉందా? ఉంది. అయితే అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాసే విషయాల్లో ఆ తేడా దొరకదు. 4కె (ఎక్కువ చుక్కలున్న తెర), హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే వీడియో), యాప్‌లు ఇప్పుడు చవక టీవీల్లోనూ ఉన్నాయి. ఎక్కువ డబ్బు పెడితే ముఖ్యంగా దక్కేది వెలుతురు మీద అదుపు. వెలగాల్సిన చోట గట్టిగా వెలగాలి, చీకటిగా ఉండాల్సిన చోట నిజంగా చీకటి ఉండాలి. మీ గదిలో, మీరు చూసే కార్యక్రమాల్లో ఆ అదుపు మీకు కనిపిస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

అపోహ: పిక్సెళ్లు పెరిగే కొద్దీ బొమ్మ బాగుంటుంది

పిక్సెల్ అంటే తెర మీద బొమ్మను కూర్చే చిన్న చుక్క. ఫుల్ హెచ్‌డీ తెరలో 20 లక్షలకు పైగా పిక్సెళ్లు ఉంటాయి. 4కెలో సుమారు 83 లక్షలు, 8కెలో 3.3 కోట్లు. లెక్క ఘనంగానే ఉంది, కానీ వాటిని విడివిడిగా పట్టుకోవడానికి మన కంటికి ఒక హద్దు ఉంది. మంచి చూపు ఉన్న మనిషి 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు ఏడడుగుల దూరం జరిగితే పిక్సెళ్లు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. సోఫా పదడుగుల దూరంలో ఉంటే అదే సైజు 4కె తెరలోని అదనపు వివరం కంటిదాకా దాదాపు రాదు. ఇక 8కెలోని అదనపు వివరం కావాలంటే ఆ సైజు తెరకు మూడున్నర అడుగుల లోపు కూర్చోవాలి. అలా ఎవరూ కూర్చోరు. అందుకే 8కె కోసం అదనంగా ఖర్చు పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను. 4కె సంగతి వేరు, పెద్ద సైజుల్లో ఇప్పుడు దాదాపు అన్నీ 4కెలే కాబట్టి ఎంచుకునే పనే లేదు.

పైగా వచ్చే సిగ్నల్ ఎంత బాగుంటే బొమ్మ అంత బాగుంటుంది. 4కె కార్యక్రమాలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. అదే 4కె బ్లూరే డిస్క్ నుంచి సెకనుకు వంద మెగాబిట్లకు పైగా రాగలదు. రెండూ 4కెనే అయినా పొగమంచు, వాన, చీకటి గోడలు ఉన్న సన్నివేశాల్లో తేడా తెలిసిపోతుంది. పాత కార్యక్రమాలను పెద్ద తెరకు సాగదీసేటప్పుడు ఖరీదైన టీవీలోని ప్రాసెసర్ అంచులను తేటగా ఉంచుతుంది, మచ్చలు తగ్గిస్తుంది. మూలంలో లేని వివరాన్ని మాత్రం ఏ ప్రాసెసరూ తెచ్చివ్వలేదు.

అపోహ: హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే హెచ్‌డీఆర్ కనిపిస్తుంది

నేను అన్నిటికంటే ఎక్కువగా వివరించాల్సి వచ్చేది ఇదే. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. మామూలు వీడియోను 100 నిట్ల వెలుగును ప్రమాణంగా పెట్టుకుని తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ చిత్రాలను ఎక్కువగా 1,000 నిట్ల స్థాయికి, కొన్నింటిని 4,000 నిట్లకు సిద్ధం చేస్తారు. చవక టీవీలు చాలావరకు 250 నుంచి 350 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. పెట్టె మీద ఉన్న ముద్రకు అర్థం ఆ టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను అందుకుని చదవగలదని మాత్రమే. చదివిన దాన్ని తెర మీద చూపే శక్తి దానికి ఉందని కాదు. ఎక్కువ వెలుగును తక్కువ వెలుగులో ఇరికించాల్సి రావడంతో బొమ్మ మొత్తం మసకబారుతుంది. "హెచ్‌డీఆర్ పెడితే మామూలు దానికంటే చీకటిగా ఉంటోంది, టీవీ పాడైందా?" అని నన్ను పిలిచేవారున్నారు. పాడవలేదు. ఆ టీవీ శక్తి అంతే. అలాంటి వాటిలో మామూలు సిగ్నల్ పెట్టి చూడడమే మేలు.

వెలుగు సగం కథ, మిగతా సగం చీకటి. ఎల్‌సీడీ తెరలో (ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవీ ఇవే) పిక్సెల్ తనంతట తాను వెలగదు. వెనక దీపాలు వెలుగుతుంటే ముందున్న పొర ఆ వెలుతురును ఆపుతుంది లేదా వదులుతుంది. మూసిన తలుపు సందుల్లోంచి వెలుతురు వచ్చినట్టు, పొర పూర్తిగా మూసినా కొంత వెలుగు బయటికి వస్తుంది. అందుకే చవక టీవీలో రాత్రి సన్నివేశం నల్లగా కాకుండా బూడిదరంగులో ఉంటుంది. ఈ తెరల ప్యానెళ్లలో, అంటే బొమ్మ చూపే పలకల్లో, ఐపీఎస్, వీఏ అని రెండు ముఖ్య రకాలున్నాయి. ఐపీఎస్ రకం ప్యానెల్‌లో తెలుపు, నలుపుల నిష్పత్తి సుమారు 1,000కి 1. వీఏ రకంలో 3,000 నుంచి ఇంకా పైకి వెళ్తుంది, కాబట్టి చీకటి గదిలో వీఏ నయం. కానీ పక్క నుంచి చూస్తే వీఏలో రంగులు పాలిపోతాయి. గదికి అడ్డంగా ఐదారుగురు కూర్చుని చూసే ఇంట్లో ఐపీఎస్ మంచిది.

ఎక్కువ ధర టీవీల్లో వెనక దీపాలను చిన్న చిన్న భాగాలుగా (జోన్లుగా) విడగొట్టి, చీకటి ఉన్నచోట తగ్గిస్తారు. దీన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు. ఆ భాగాలు ఎన్ని ఎక్కువైతే అదుపు అంత సూక్ష్మంగా ఉంటుంది. చాలా చిన్న దీపాలు వాడే మినీ ఎల్‌ఈడీ టీవీల్లో వందల్లో, కొన్నిటిలో వేలల్లో ఉంటాయి. ఓఎల్‌ఈడీలో వెనక దీపమే లేదు. ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, తానే పూర్తిగా ఆరిపోతుంది.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చే దృశ్యం పెట్టించి, కుదిరితే షోరూంలోని దీపాలు తగ్గించమని అడగండి. అక్షరాల చుట్టూ తెల్లని మంచులా వెలుగు పాకుతోందా? అంచుల్లో మూలలు తెల్లబడ్డాయా? సినిమా చివర్లో పేర్లు వచ్చేటప్పుడు ప్యానెల్ గుణం బయటపడినంతగా రంగురంగుల పూల దృశ్యంలో పడదు. షోరూంలో మాత్రం ఎప్పుడూ పూల దృశ్యమే నడుస్తుంటుంది.

అపోహ: ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ ఒకదాని మీద ఒకటి ఉన్న మెట్లు

క్యూఎల్‌ఈడీ అన్నది శామ్‌సంగ్ 2017 నుంచి వాడుతున్న పేరు. ఇప్పుడు మరికొన్ని సంస్థలూ వాడుతున్నాయి. అది కూడా ఎల్‌సీడీయే. క్వాంటం డాట్లు అనే అతి చిన్న కణాల పొర కలపడం వల్ల రంగులు విశాలంగా, శుద్ధంగా వస్తాయి. చీకటి మాత్రం వెనక దీపాలను ఎలా నడుపుతున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. దీపాలను విభజించని క్యూఎల్‌ఈడీ కంటే దీపాలను భాగాలుగా నడిపే మామూలు ఎల్‌ఈడీ రాత్రి సినిమాకు మెరుగు. పేరు చూసి డబ్బు పెట్టవద్దు, "లోకల్ డిమ్మింగ్ ఉందా, ఎన్ని జోన్లు?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే లేదనే అనుకోండి.

ఓఎల్‌ఈడీయే అందరికీ ఉత్తమం అన్నదీ నేను ఒప్పుకోను. తెర మొత్తం తెల్లగా ఉండే దృశ్యాల్లో దాని వెలుగు తగ్గుతుంది. పెద్ద కిటికీల్లోంచి పగటి వెలుతురు నేరుగా పడే గదిలో గట్టిగా వెలిగే మినీ ఎల్‌ఈడీయే సుఖం. క్వాంటం డాట్లు కలిపిన క్యూడీ ఓఎల్‌ఈడీ రకంలోనైతే గదిలో వెలుతురు ఎక్కువైనప్పుడు నలుపు కాస్త బూడిద ఛాయలోకి తిరుగుతుంది.

అపోహ: ఓఎల్‌ఈడీ తెర మీద మచ్చలు పడడం ఖాయం

ఆ పిక్సెళ్లు వాడకంతో అరిగేవే, నిజం. అన్నీ సమానంగా అరిగితే కంటికి తెలియదు. ఒకే లోగో, ఒకే స్క్రోలింగ్ పట్టీ రోజంతా ఒకే చోట వెలిగితే అక్కడ మాత్రం ఎక్కువ అరిగి నీడ మిగులుతుంది. ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా వార్తా ఛానెలే నడిచేట్టయితే ఓఎల్‌ఈడీ వద్దని సలహా ఇస్తాను. సినిమాలు, ఆటలు, సీరియళ్లు కలిపి చూసేవారు భయపడనక్కర్లేదు. అయితే ఒక అలవాటు మార్చుకోవాలి. రిమోట్‌తో ఆపాక ఈ టీవీలు, వాడకం నాలుగు గంటలు దాటిందంటే, పిక్సెళ్లను సరిదిద్దే పని లోపల కొద్ది నిమిషాలు చేసుకుంటాయి. వెంటనే గోడ మీద స్విచ్ ఆపేస్తే ఆ పని జరగదు. స్విచ్ ఆన్‌లోనే వదిలేయండి.

అపోహ: షోరూంలో బాగా కనిపించినదే మంచి టీవీ

అక్కడ అన్ని టీవీలూ కళ్లు జిగేల్మనే మోడ్‌లో, నీలి ఛాయ ఎక్కించి నడుస్తాయి. ఇంటికి తెచ్చాక సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టండి. మొదటి రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, తర్వాత మనుషుల చర్మం రంగు సహజంగా ఉందని మీకే తెలుస్తుంది. చవక టీవీలో ఈ ఒక్క మార్పుతో వచ్చే మెరుగు చూసి ఆశ్చర్యపోయినవారిని చాలామందిని చూశాను.

కదలికల విషయంలోనూ పెట్టె మీద పెద్ద సంఖ్యలు రాస్తారు. వాటిలో చాలా భాగం ప్రచారానికి పెట్టిన పేర్లే. అడగాల్సింది ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు ఎన్నిసార్లు తెర బొమ్మను కొత్తగా వేస్తుందో: 60 హెర్ట్జా, 120 హెర్ట్జా? సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. 120ని 24 సమంగా భాగిస్తుంది, ప్రతి ఫ్రేమూ ఐదుసార్లు కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ తెరలు చాలావాటిలో ఒక ఫ్రేము రెండుసార్లు, మరొకటి మూడుసార్లు వస్తుంది కాబట్టి కెమెరా పక్కకు తిరిగేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. గేమింగ్ కన్సోల్ ఉన్నవారికి 120 హెర్ట్జ్ చాలా ముఖ్యం. వార్తలు, సీరియళ్లు చూసేవారికి 60 చాలు.

అపోహ: ఖరీదైనది ఎక్కువ కాలం మన్నుతుంది

నా బల్ల మీదకు వచ్చే ఎల్‌ఈడీ టీవీల్లో తరచుగా కనిపించే జబ్బు ఇది: శబ్దం వస్తుంది, రిమోట్ పనిచేస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. టార్చి తెర దగ్గర ఏటవాలుగా పట్టి చూస్తే లీలగా బొమ్మ కదులుతూ కనిపిస్తుంది. అంటే ప్యానెల్ బాగుంది, వెనక దీపాలు పోయాయి. లోపల దీపాలు పట్టీల మీద వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒక్కటి కాలిపోతే ఆ వరుస మొత్తం ఆరిపోతుంది, చాలా టీవీల్లో రక్షణ సర్క్యూట్ మిగతావాటినీ ఆపేస్తుంది. తెర మీద గుండ్రని తెల్లని మచ్చలు కనిపిస్తే దీపం మీద అతికించిన చిన్న లెన్సు ఊడిపోయిందని అర్థం. రెండింటికీ వేడి పెద్ద కారణం. దీపాలను ఎప్పుడూ నూటికి నూరు పాళ్లూ వెలిగిస్తే వేడి పెరుగుతుంది. రాత్రిపూట బ్యాక్‌లైట్ సెట్టింగును సగానికి తగ్గించండి, కంటికీ హాయి, దీపాలకూ ఆయుష్షు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అన్నది నలుపు స్థాయిని మార్చే వేరే మీట. దాన్ని కదపకండి.

ఇలాంటి మరమ్మతు చవక టీవీలో తేలిక. ఓఎల్‌ఈడీలో ప్యానెల్ పోతే మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంటుంది. ధర పెరిగే కొద్దీ ప్యానెల్‌కు కూడా వర్తించే వారంటీ ఎన్నేళ్లో అడిగి రాయించుకోవాలి.

యాప్‌లు నెమ్మదించడం మరో బాధ. చవక టీవీలో మెమరీ తక్కువ, రెండు మూడేళ్లకు యాప్‌లు బరువెక్కి తడబడతాయి. దాని కోసం టీవీ మార్చవద్దు, చిన్న స్ట్రీమింగ్ పరికరం తగిలిస్తే చాలు. ఇక శబ్దం సంగతి రెండు మాటల్లో: పలుచని టీవీల్లో స్పీకర్లకు చోటు ఉండదు, ధర ఎంతైనా సరే. బడ్జెట్‌లో కొంత మిగిల్చి సౌండ్‌బార్ కొనండి. ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వల్ల రంగులు మెరుగుపడతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. సిగ్నల్ తెగకుండా వస్తే మామూలు కేబులూ అదే బొమ్మ ఇస్తుంది.

రాత్రిళ్లు దీపాలు ఆర్పి సినిమాలు చూసే అలవాటు ఉంటే పై తరగతి టీవీకి పెట్టే ప్రతి రూపాయీ కళ్లకు కనిపిస్తుంది. వెలుతురున్న హాలులో వార్తలు, పాటలు, పిల్లల కార్యక్రమాలు నడిచే ఇంటికి మంచి చవక టీవీయే సరిపోతుంది. మిగిలిన డబ్బుతో సైజు ఒక మెట్టు పెంచుకోండి. ఒకే మోడల్ పేరుతో వచ్చినా సైజు మారితే లోపల ప్యానెల్ రకం మారిపోవచ్చు. 55 అంగుళాల దాని గురించి చదివి 43 అంగుళాలది కొనవద్దు. టీవీ ఇంటికి వచ్చాక, వెనక్కి తీసుకునే గడువు లోపలే తెర నిండా బూడిదరంగు వచ్చే వీడియో పెట్టి చూడండి. మురికి మరకల్లాంటి నీడలు, నిలువు చారలు కనిపిస్తే వెంటనే ఫోటో తీసి మార్పించుకోండి.