హోమ్ మ్యాచ్ ఊరు మారితే: రగ్బీ అభిమానుల కోపం చుట్టూ అపోహలు, వాస్తవాలు

రగ్బీ క్లబ్‌లో మ్యాచ్ రోజు పనులు చూసుకోవడం నా ఉద్యోగం. గేట్లు, సీట్లు, జనాన్ని అదుపులో ఉంచే స్టీవార్డుల డ్యూటీలు, టికెట్ల గొడవలు, చలి ఎక్కువైతే పిచ్ మీద, అంటే ఆడే మైదానం మొత్తం మీద, కవర్లు, అన్నీ. ఈ పదకొండేళ్లలో మూడుసార్లు మా హోమ్ మ్యాచ్ వేరే ఊరికి మారింది, మూడుసార్లూ అభిమానుల ఫోన్లు ఎత్తినవాళ్లలో నేనున్నాను. తిట్లు తిన్నాను, ఏడుపులు విన్నాను, "ఇక మీ టీమ్ మొహం చూడను" అని ఫోన్ పెట్టేసిన ఆయనే పది నిమిషాలకి మళ్లీ చేసి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందని అడిగితే టైమ్ చెప్పాను. అభిమానులు నమ్మేవాటిలో కొన్ని తప్పులున్నాయి. క్లబ్ ఆఫీసుల్లో మావాళ్లు నమ్మేవాటిలో అంతకన్నా పెద్ద తప్పులున్నాయి. రెండూ రాస్తాను.

అపోహ: మ్యాచ్ ఊరు మారిందంటే క్లబ్ డబ్బుకి అమ్ముడుపోయినట్టే

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ముందు దీని సంగతి. మ్యాచ్ మారడం రెండు రకాలు. క్లబ్ తనంతట తాను మార్చుకునేది ఒకటి, వేరే దారి లేక మారేది ఇంకొకటి.

మొదటి రకంలో డబ్బు లెక్క కచ్చితంగా ఉంటుంది. 2025 మేలో ఇంగ్లండ్ క్లబ్ బ్రిస్టల్ బేర్స్ తన హోమ్ మ్యాచ్‌ని, అదీ బాత్‌తో ఉన్న పక్కూరి పోటీని, సరిహద్దు దాటించి వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఆడింది. సొంత గ్రౌండ్ ఆష్టన్ గేట్‌లో 27 వేల మంది పడతారు, అక్కడికి 50 వేలకు పైగా వచ్చారు. అలాగని లెక్క ప్రతిసారీ కుదరదు. 2016 మార్చిలో లండన్ ఐరిష్ సారసెన్స్‌తో ఆడాల్సిన హోమ్ మ్యాచ్‌ని అమెరికాలోని న్యూజెర్సీకి తీసుకెళ్తే 14,811 మంది వచ్చారు. మరుసటి ఏడాది న్యూకాజిల్ ఫాల్కన్స్ అదే సారసెన్స్‌తో ఫిలడెల్ఫియా దగ్గర ఆడితే వచ్చింది 6,271 మంది. అదే న్యూకాజిల్ 2018 మార్చిలో సొంత ఊళ్లోనే ఉన్న సెయింట్ జేమ్స్ పార్క్ అనే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియంలో నార్తాంప్టన్‌తో ఆడితే జనం 27 వేలు దాటారు. నా మట్టుకు నాకు ఈ రెండు అంకెల మధ్యే జవాబు కనిపిస్తుంది. గ్రౌండ్ పెంచుకోవాలనుకుంటే ముందు ఊళ్లో వెతకాలి.

రెండో రకంలో క్లబ్‌ని తిట్టి లాభం లేదు. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చి 185 మంది చనిపోయారు. ఆ ఊరి జట్టు క్రూసేడర్స్ ఆడే లాంకాస్టర్ పార్క్ దెబ్బతింది, మళ్లీ అక్కడ ఆట జరగలేదు, చివరికి కూల్చేశారు. అదే ఏడాది జరిగిన వరల్డ్ కప్‌లో ఆ ఊరికి ఇచ్చిన 7 మ్యాచ్‌లు, 2 క్వార్టర్ ఫైనల్స్‌తో సహా, వేరే ఊళ్లకి వెళ్లిపోయాయి. ఇంత పెద్ద విషాదం అక్కర్లేదు, ఒలింపిక్స్ వచ్చినా చాలు: 2024లో పారిస్ దగ్గరి స్టాద్ ద ఫ్రాన్స్ స్టేడియాన్ని ఒలింపిక్స్‌కి సిద్ధం చేస్తుండడంతో ఫ్రాన్స్ జట్టు సిక్స్ నేషన్స్ (యూరప్‌లో ఆరు దేశాలు ఏటా ఆడే టోర్నీ) హోమ్ మ్యాచ్‌లు మూడింటినీ పారిస్ బయట ఆడింది. ఐర్లండ్‌తో మార్సేలో ఓడింది, ఇటలీతో లిల్‌లో 13-13 డ్రా, ఇంగ్లండ్‌తో లియోన్‌లో 33-31 గెలుపు.

అపోహ: పిచ్ చలికి కాస్త గడ్డకడితే ఏముంది, ఆడేది ఉక్కు మనుషులేగా

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. రగ్బీలో బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి పడేయడాన్ని ట్యాకిల్ అంటారు. ఒక్కో జట్టు ఒక మ్యాచ్‌లో వందకు పైగా ట్యాకిళ్లు చేయడం మామూలే, ట్యాకిల్ అయిందంటే సాధారణంగా ఇద్దరు నేల మీద పడతారు. స్క్రమ్, అంటే రెండు జట్లూ తలలు వంచి ఎదురెదురుగా తోసుకోవడం, ఇంకా ప్రమాదం. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది, ఒక్కో వైపు ఎనిమిది తొమ్మిది వందల కిలోల బరువు, ఆ బరువంతా బూటు కింద మేకులు నేలని పట్టుకుంటాయన్న నమ్మకం మీద నిలబడుతుంది. మేకు దిగకపోతే ముందు వరసలో ఉన్నవాడి మెడ మీదకి వస్తుంది.

పిచ్ చూడడమంటే ఏమిటో చెప్తాను. తెల్లవారుజామున రిఫరీ, గ్రౌండ్ స్టాఫ్ పెద్దాయన, నేను కలిసి నడుస్తాం. ఆయన చేతిలో సన్నని ఇనుప చువ్వ ఉంటుంది. పిచ్ నడిమధ్యన గుచ్చితే మెత్తగా దిగుతుంది, అందరి మొహాలూ వెలుగుతాయి. అక్కడి నుంచి స్టాండ్ నీడ పడే వైపుకి వెళ్తాం. చలికాలం ఎండ పొద్దంతా ఆ పట్టీని తాకదు. అక్కడ గుచ్చితే టక్‌మంటుంది. ఐదు మీటర్ల వెడల్పు పట్టీ చాలు, మొత్తం మ్యాచ్ పోయినట్టే, ఎందుకంటే "ఆ పక్కకి పరిగెత్తకండి" అని అంచు వెంబడి పరిగెత్తే వింగర్‌కి చెప్పలేం. టీవీలో చూసేవాళ్లకి మాత్రం పచ్చటి గడ్డే కనబడుతుంది.

మీకు గుర్తుండే ఉంటుంది, 2012 ఫిబ్రవరి 11న పారిస్‌లో ఫ్రాన్స్, ఐర్లండ్ మ్యాచ్‌ని కిక్-ఆఫ్‌కి కొద్ది నిమిషాల ముందు ఆపేశారు. జనం అప్పటికే సీట్లలో కూర్చుని వణుకుతున్నారు. ఆపడం తప్పు కాదు, అంతదాకా లాగడమే తప్పు. మా పనిలో అతి పెద్ద పాపం అదే: సాయంత్రానికి కరుగుతుందేమో అన్న ఆశతో కబురు ఆలస్యం చేయడం.

అపోహ: ఇంకో స్టేడియం దొరికింది కదా, మమ్మల్ని రానివ్వకపోవడం మొండితనం

2022 డిసెంబర్ 17. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ జట్టు అల్స్టర్‌కీ, ఫ్రాన్స్ క్లబ్ లా రోషెల్‌కీ ఛాంపియన్స్ కప్ (యూరప్ క్లబ్‌ల టోర్నీ) మ్యాచ్. బెల్‌ఫాస్ట్ పిచ్ గడ్డకట్టింది. మ్యాచ్‌ని డబ్లిన్‌లోని అవీవా స్టేడియానికి మార్చారు, ప్రేక్షకులు లేకుండా. ఒక్కసారి అభిమాని వైపు నుంచి ఆలోచించండి. హోమ్ మ్యాచ్ 160 కిలోమీటర్ల పైన ఉన్న ఇంకో నగరంలో, ఇంకో దేశంలో, పైగా తమతో ఎప్పుడూ పోటీపడే డబ్లిన్ జట్టు లెన్‌స్టర్ పెద్ద మ్యాచ్‌లు ఆడే గ్రౌండ్‌లో. సొంత కారేసుకుని వెళ్తామన్నా గేటు తెరవరు. ఫ్రాన్స్ నుంచి డబ్బు పెట్టుకుని వచ్చిన లా రోషెల్ అభిమానుల పరిస్థితీ అంతే. 50 వేల సీట్ల స్టేడియంలో ఆటగాళ్ల కేకలు మాత్రమే వినబడ్డాయి. అల్స్టర్ 36-29తో ఓడింది. ఏడు పాయింట్ల తేడా. సొంత జనం ఉంటే ఏమయ్యేదో అన్న ప్రశ్న ఆ అభిమానుల్ని వదలదు, వదలకపోవడం న్యాయమే.

అయినా గేట్లు తెరవకపోవడం మొండితనం కాదు. ఖాళీ స్టేడియంలో మ్యాచ్ ఆడించడానికి పిచ్, కరెంటు, డాక్టర్లు, అంబులెన్స్, కెమెరాలు ఉంటే సరిపోతుంది. జనాన్ని లోపలికి పంపాలంటే శిక్షణ ఉన్న స్టీవార్డులు వందల్లో కావాలి, ప్రతి బ్లాక్‌కి ప్రథమ చికిత్స, పోలీసులతో ట్రాఫిక్ ఏర్పాటు, ఎంతమందిని ఏ స్టాండ్‌లోకి పంపవచ్చో చెప్పే భద్రతా అనుమతి కావాలి. బెల్‌ఫాస్ట్ టికెట్ మీద ఉన్న సీటు నంబరు డబ్లిన్‌లో ఉండదు, అంటే టికెట్లన్నీ మళ్లీ ఇవ్వాలి. సెలవులో ఉన్న స్టీవార్డులకి శుక్రవారం రాత్రి ఫోన్లు చేసి చూడండి, ఎంతమంది ఎత్తుతారో తెలుస్తుంది. నేను చేశాను. నాలుగు వందల మంది కావాల్సిన చోట నూట ముప్పై దగ్గర ఆగిపోయాం.

అపోహ: వాయిదా వేస్తే సరిపోయేది

సిక్స్ నేషన్స్‌లో మధ్యలో ఖాళీ వారాంతాలు ఉంటాయి కాబట్టి 2012 పారిస్ మ్యాచ్‌ని మార్చి 4కి జరపగలిగారు. క్లబ్ రగ్బీలో ఆ సందు లేదు, లీగ్ పక్కనే యూరప్ మ్యాచ్‌లు, ఆ పక్కనే దేశం తరఫున ఆడేవి. కోవిడ్ రోజుల్లో ఆడలేకపోయిన యూరప్ మ్యాచ్‌లు కొన్నింటిని 28-0గా ఎదుటి జట్టుకి రాసేశారు, 2021 డిసెంబర్‌లో లెన్‌స్టర్‌కి ఫ్రాన్స్ క్లబ్ మోంపెలియేతో మ్యాచ్ అలాగే పోయింది. అది చూసిన ఏ క్లబ్ అయినా ఎక్కడో ఒకచోట ఆడదామనే అంటుంది.

అపోహ: ఏ ఫుట్‌బాల్ గ్రౌండైనా చాలు

చాలదు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పిచ్ మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. రగ్బీకి గోల్ లైన్ల మధ్యే 94 నుంచి 100 మీటర్లు, ఆ వెనక ట్రై చేయడానికి, అంటే బంతిని నేలకి ఆనించి పాయింట్లు తెచ్చుకోవడానికి, రెండు వైపులా కనీసం 6 మీటర్ల జాగా (ఇన్-గోల్), ఆ తర్వాత ఆటగాడు ఆగడానికి జాగా. కొన్ని స్టేడియాల్లో ఆ చివర ప్రకటనల బోర్డు మూతికి తగిలేంత దగ్గర్లో ఉంటుంది. పోస్టులు పాతడానికి నేలలో గుంటలు సిద్ధంగా ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, ఆ వారం ఆ గ్రౌండ్ ఓనర్ ఒప్పుకోవాలి.

అపోహ: ఊరు దాటితే అది హోమ్ మ్యాచే కాదు

దీన్ని నేనూ నమ్మేవాణ్ణి. కానీ వేల్స్ కథ చూడండి. కార్డిఫ్‌లో కొత్త స్టేడియం కడుతుండగా వేల్స్ తన హోమ్ మ్యాచ్‌ల్ని లండన్‌లోని వెంబ్లీలో ఆడింది. 1999 ఏప్రిల్ 11న అక్కడికి వచ్చింది ఇంగ్లండ్. ఇంగ్లండ్ రాజధానిలో ఇంగ్లండ్‌కే ఆతిథ్యం. ఆట చివర్లో స్కాట్ గిబ్స్ ఒకరి తర్వాత ఒకర్ని తప్పించుకుంటూ ట్రై చేశాడు, ట్రై తర్వాత దక్కే కన్వర్షన్ కిక్‌ని నీల్ జెంకిన్స్ కొట్టాడు, వేల్స్ 32-31తో గెలిచింది. వేల్స్ వాళ్లు ఇప్పటికీ ఆ రోజు గురించి సొంత పెరట్లో జరిగినట్టే చెప్పుకుంటారు. ఫ్రాన్స్‌లోని బియారిట్జ్ యూరప్ నాకౌట్ మ్యాచ్‌లకి సొంత గ్రౌండ్ చిన్నదై సరిహద్దు దాటి స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ వెళ్లింది, 2010 సెమీఫైనల్లో ఐర్లండ్ జట్టు మన్‌స్టర్‌ని 18-7తో అక్కడే కొట్టింది. దేశం వేరు, కానీ రెండూ సరిహద్దుకి రెండు వైపులా ఉండే బాస్క్ ప్రజల ఊళ్లే, కాబట్టి అక్కడివాళ్లు పరాయి చోటనుకోలేదు. ఇక భూకంపం వచ్చిన ఏడాది క్రూసేడర్స్ న్యూజిలాండ్‌లోనే వేరే ఊళ్లయిన నెల్సన్‌లో, టిమరూలో ఆడారు, ఒక "హోమ్" మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా జట్టు షార్క్స్‌ని ఏకంగా లండన్‌లోని ట్వికెనామ్‌లో 44-28తో ఓడించారు, ఫైనల్ దాకా వెళ్లి ఆస్ట్రేలియా జట్టు రెడ్స్ చేతిలో 18-13తో ఆగిపోయారు.

ఈ మూడింటిలోనూ సొంత జనం వెంట వెళ్లగలిగారు, లేదా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో వాళ్లకి స్పష్టంగా తెలుసు. ఆ రెండూ లేనప్పుడే హోమ్ మ్యాచ్ హోమ్ మ్యాచ్ కాకుండా పోతుంది.

మావాళ్ల అపోహ: నిజమైన అభిమాని ఎక్కడికైనా వస్తాడు

క్లబ్ మీటింగుల్లో ఈ మాట అనేవాళ్లు సాధారణంగా కార్లో, ఫ్రీ పార్కింగ్ పాస్‌తో వచ్చేవాళ్లు. సీజన్ టికెట్ ఉన్నవాళ్లలో రాత్రి డ్యూటీ నర్సులున్నారు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లున్నారు, ముగ్గురు పిల్లల్ని వేసుకుని రెండు బస్సులు మారి వచ్చే తల్లులున్నారు. రానంత మాత్రాన వాళ్ల అభిమానం తగ్గినట్టు కాదు. దీనికి తోడు ఇంకో మాట ఉంటుంది, "రీఫండ్ ఇచ్చేశాం కదా" అని. టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, రైలు టికెట్, హోటల్ గది, అడిగి తీసుకున్న సెలవు రావు. నేనొకప్పుడు పనిచేసిన క్లబ్‌లో మ్యాచ్ మారిన కబురు పత్రికలవాళ్లకి ఉదయం, సీజన్ టికెట్ వాళ్లకి మధ్యాహ్నం వెళ్లింది. ఆ నాలుగు గంటలకి మూడేళ్లు క్షమాపణ చెప్పుకున్నాం. ముందు టికెట్ కొన్నవాళ్లకి చెప్పండి, తెలిసిన వెంటనే చెప్పండి, సగమే తెలిస్తే సగమే చెప్పండి.

ఒక ఫోన్ గురించి చెప్పి ఆపేస్తాను. డెబ్భై దాటిన పెద్దావిడ, పంతొమ్మిదేళ్లుగా అదే వరస, అదే సీటు. ఆ మ్యాచ్ మూడు గంటల దూరానికి మారింది. మోకాళ్ల వల్ల అంతసేపు బస్సులో కూర్చోలేనని చెప్పారు. నేను రీఫండ్ ఫారం తెరిచాను. "డబ్బు సంగతి తర్వాత బాబూ, నా పక్క సీటాయన వెళ్తాడు, నేను కనబడకపోతే నాకేదో అయిందనుకుంటాడు, నేను బాగానే ఉన్నానని ఆయనకి చెప్పగలవా?" అన్నారు. ఇన్నేళ్లలో ఇద్దరూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. ఆయన నంబరు ఆవిడకి ఇచ్చే హక్కు నాకు లేదు, అందుకని నేనే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా నంబరు ఆవిడకి ఇచ్చేయండి, హాఫ్ టైమ్‌లో ఫోన్ చేయమనండి, స్కోరు ఎలాగూ టీవీలో వస్తుంది, స్క్రమ్ ఎలా ఉందో నేను చెప్తాను" అన్నారు.