ఎడమ చక్రాల రివర్స్ థ్రెడ్ నట్లు: అపోహలు, వాస్తవాలు

యుద్ధకాలపు విల్లీస్ జీపులు, వాటి వరసలో వచ్చిన పాత సీజే-3బీలు, ఒకప్పుడు బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కూర్చిన ప్లిమత్, డాడ్జ్ కార్లు. వీటిలో ఎడమవైపు చక్రాల నట్లు సవ్య దిశలో తిప్పితే ఊడతాయి, అపసవ్య దిశలో తిప్పితే బిగుస్తాయి. కుడివైపు మాత్రం మామూలు మరే (థ్రెడ్), అంటే సవ్య దిశలో తిప్పితే బిగిసే కుడి మర. ఎడమవైపుది దానికి రివర్స్, ఎడమ మర. మారుతీ 800 నుంచి ఇప్పటి కార్ల దాకా నాలుగు చక్రాలకూ కుడి మరే కాబట్టి, కొత్తగా పాత బండి కొన్నవాళ్లకీ, హైవే పక్కన పంక్చర్ షాపు కుర్రాళ్లకీ ఇది ఎదురయ్యేసరికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది.

అపోహ: నట్టు కదలడం లేదంటే తుప్పు పట్టిందని అర్థం. పైపు తొడిగి బలంగా తిప్పితే వస్తుంది.

స్టడ్లు, అంటే నట్లు ఎక్కే మర బోల్టులు, ఎక్కువగా తెగేది ఇక్కడే. స్పానర్‌కి మీటరు పైపు తొడిగి, 60 కిలోల మనిషి చివర నిలబడితే నట్టు మీద దాదాపు 590 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పడుతుంది. ప్లిమత్, డాడ్జ్‌ల కంపెనీ క్రైస్లర్ 1960ల మాన్యువల్ అర అంగుళం స్టడ్‌కి చెప్పిన బిగింపు 65 అడుగు-పౌండ్లు, అంటే 88 న్యూటన్ మీటర్లు. విప్పుతున్నాననుకుంటూ బిగిస్తున్న మనిషి, బిగించాల్సిన దానికి ఆరేడు రెట్లు బిగిస్తున్నాడన్నమాట.

మోసం చేసేది మధ్యలో వచ్చే దశ. మొదట గట్టిగా ఉన్న నట్టు ఒక్కసారిగా మెత్తగా తిరగడం మొదలవుతుంది. 'ఆ, వచ్చింది' అనుకుంటారు. నిజానికి అక్కడ ఊడుతున్నదేమీ లేదు, లోపల స్టడ్ సాగుతోంది. ఇంకో పావు చుట్టుకి టక్కుమని తెగి నట్టుతో సహా చేతికొస్తుంది. తెగకుండా మధ్యలో ఆపేసినా, సాగిన స్టడ్‌ని మళ్లీ వాడకూడదు.

గుర్తుంచుకోవడానికి తేలిక దారి ఒకటుంది. ఈ రకం బండి ముందుకు వెళ్లేటప్పుడు చక్రం ఏ దిశలో తిరుగుతుందో, నట్టు ఆ దిశలో బిగుస్తుంది. స్పానర్‌ని నిలువుగా పైకి పెట్టి పట్టుకుంటే, బండి ముందు వైపుకి తోస్తే బిగింపు, వెనక వైపుకి లాగితే విప్పడం. ఎడమ చక్రమైనా కుడి చక్రమైనా ఇదే లెక్క, కుడి ఎడమలు ఆలోచించే పనే లేదు. ఎయిర్ గన్ వాడే చోట మాత్రం ముందే నోటితో చెప్పండి. గన్ మీద విప్పే స్విచ్ ఈ నట్లని బిగిస్తుంది, అదీ రెండు సెకన్లలో.

నిజంగానే తుప్పు పట్టి ఉంటే: వైర్ బ్రష్‌తో స్టడ్ చివర శుభ్రం చేసి, మర మొదలయ్యే చోట తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. చక్రం నేల మీదుండగానే అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి.

అపోహ: పాత కారైతే ఎడమ మర ఉంటుంది. స్టడ్ మీద 'ఎల్' అక్షరం లేకపోతే కుడి మర.

రెండూ తప్పే. అదే కాలపు ఫోర్డ్‌కీ, షెవ్రొలేకీ నాలుగు చక్రాలకూ కుడి మరే. క్రైస్లర్ కార్లలో ఎడమ మర 1970 మోడల్ దాకా నడిచింది. పాత బ్యూక్, పాంటియాక్‌లలో కొన్నింటికీ ఉండేది. ఇక స్టడ్ చివర కొట్టిన 'ఎల్' గుర్తు తుప్పులోనో, నాలుగు పొరల పెయింటు కిందో పోయి ఉండొచ్చు. కొన్ని ఎడమ మర నట్లకి ఆరు మూలల మీదా చిన్న గాటు ఉంటుంది, అదీ అరిగిపోతుంది. పైగా ఎవరో యాక్సిల్ మార్చి ఉంటే, ముందు చక్రానికి ఒక రకం, వెనక చక్రానికి ఇంకో రకం ఉన్నా ఆశ్చర్యం లేదు.

నమ్మాల్సింది మరనే. నట్టు దాటి బయటికి వచ్చిన స్టడ్ కొసని శుభ్రం చేసి, కొస పైకి ఉన్నట్టుగా తల వంచి పక్క నుంచి చూడండి. గీతలు కుడివైపుకి ఎక్కుతుంటే కుడి మర, ఎడమవైపుకి ఎక్కుతుంటే ఎడమ మర. మూత నట్టు ఉండి కొస కనపడకపోతే, తక్కువ బలంతో రెండు దిశల్లోనూ ప్రయత్నించడమే దారి.

అపోహ: బండి ఒక్కసారిగా కదిలినప్పుడు నట్టు వెనకబడి వదులవుతుంది, అందుకే ఎడమ మర పెట్టారు.

ఈ మాట చాలామంది చెప్తారు, వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నట్టు బరువెంత? కొన్ని పదుల గ్రాములు. బిగించిన నట్టుని కదిపే శక్తి దానికి లేదు. పైగా బ్రేకు వేసినప్పుడు అదే నట్టు ఎదురు దిశలో తిరగాలి కదా.

అసలు కారణం నట్టు దొర్లడం. నట్టు కింది భాగం కోసుగా (శంకువులా) ఉండి చక్రం కన్నంలో కూర్చుంటుంది. బండి బరువు ఎప్పుడూ ఒకే వైపు నుంచి పడుతుంది, చక్రం మాత్రం తిరుగుతుంది. కాబట్టి చక్రంతో పాటు తిరిగే నట్టుకి ఆ ఒత్తిడి తన చుట్టూ ఎదురు దిశలో తిరుగుతున్నట్టే లెక్క. నట్టు కొంచెం వదులై ఉంటే, పెద్ద కన్నంలో చిన్న కోసు దొర్లుతుంది. అలా దొర్లేది ఒత్తిడి తిరిగే దిశకి వ్యతిరేకంగా మెల్లగా తిరుగుతుంది. ఎడమ చక్రాన్ని బయటి నుంచి చూస్తే అది అపసవ్య దిశలో తిరుగుతుంది, ఒత్తిడి సవ్య దిశలో, నట్టు మళ్లీ అపసవ్య దిశలో. కుడి మర అయితే ఊడుతుంది, ఎడమ మర అయితే బిగుస్తుంది. సైకిల్ ఎడమ పెడల్‌కి రివర్స్ మర పెట్టడంలోనూ ఇదే సూత్రం.

అపోహ: అయితే ఇవి తమంతట తామే బిగుసుకుంటాయి, పెద్దగా బిగించక్కర్లేదు.

దొర్లడం మొదలైందంటేనే నట్టు వదులైందని అర్థం. ఆ స్థితిలో చక్రం కన్నాలు గుడ్డు ఆకారంలోకి అరుగుతాయి, స్టడ్ ప్రతి చుట్టుకీ వంగి లేస్తూ అలసిపోతుంది. అయిదు నట్లయితే ఒకటి వదిలి ఒకటి చొప్పున చేత్తో కూర్చోబెట్టి, చక్రం నేలకి దించాక టార్క్ రెంచ్‌తో బిగించండి. 50 నుంచి 80 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూడండి. మరకి గ్రీజు రాయొద్దు. అదే టార్క్‌కి స్టడ్ ఎక్కువ సాగుతుంది.

అపోహ: ఎడమవైపు అన్నీ ఎడమ మరే, స్పోక్ చక్రాల నడిమి నట్టుతో సహా.

ఎంజీబీ లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో సుత్తితో కొట్టి విప్పే ఆ నడిమి రెక్కల నట్టుకి లెక్క తలకిందులు. ఎడమవైపు కుడి మర, కుడివైపు ఎడమ మర. అక్కడ నట్టు లోపలి కోసు చక్రం హబ్‌ని (నడిమి భాగాన్ని) బయటి నుంచి కప్పుతుంది. చిన్నది పెద్దదానిలో దొర్లడం కాదు, పెద్దది చిన్నదాని చుట్టూ దొర్లుతుంది కాబట్టి తిరిగే దిశ మారిపోతుంది. స్పానర్ సూత్రం కూడా దీనికి తిరగబడుతుంది: బండి ముందువైపుకి కొడితే ఊడుతుంది.

అపోహ: కుడి మరకి మారిస్తే చక్రం ఊడిపోతుంది.

సరిగ్గా బిగించిన కోసు నట్టు ఏ మరైనా నిలబడుతుంది. ఫోర్డ్, షెవ్రొలే అన్నేళ్లూ నడిచింది అలాగే, క్రైస్లర్ మానుకున్నదీ అందుకే. మార్చడం తప్పు కాదు, సగం మార్చడమే తప్పు. ఒక చక్రానికి నాలుగు ఎడమ మర, ఒక కుడి మర ఉంటే రోడ్డు మీద స్టెప్నీ మార్చేవాడు అయిదో దాన్ని తెంపడం ఖాయం. మారిస్తే ఎడమవైపు రెండు చక్రాలకీ అన్ని స్టడ్లూ, నట్లూ మార్చండి.

ఇంకో జాగ్రత్త. చాలా పాత బ్రేకు డ్రమ్ములని స్టడ్ మెడ దగ్గర నలగ్గొట్టి హబ్‌కి బిగించేవారు. ఆ నలిగిన అంచుని కట్టర్‌తో తీసేయకుండా ప్రెస్‌తో తోస్తే కన్నం పెద్దదై, కొత్త స్టడ్ నట్టుతో పాటే తిరుగుతుంది. పాత స్టడ్‌కి హబ్ కన్నంలో బిగిసే గీతల భాగం (మర కాదు) వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి అదే కొలతది తెచ్చుకోండి. ఎక్కించేటప్పుడు సుత్తి దెబ్బ వద్దు, ప్రెస్ వాడండి.